వృద్ధుల గృహాలలో భద్రత, నాణ్యతా ప్రమాణాలు: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

మన సంఘ సేవకులకు తరచుగా వచ్చే ఆహ్వానాలలో వృద్ధాశ్రమ ప్రారంభోత్సవం ఒకటి. రిబ్బను కత్తిరిస్తాము, ప్రార్థన చేస్తాము, వృద్ధులకు దుప్పట్లు పంచిపెడతాము, అందరితో ఫోటో దిగి తిరిగి వస్తాము. కొద్ది నెలలకు ఆ ఆశ్రమ కమిటీ సభ్యులలో మన పేరు కూడా చేరుతుంది. అయితే ఆ ఇంట్లో రాత్రిపూట ఎంతమంది సహాయకులు మెలకువగా ఉంటారు? నిప్పు అంటుకుంటే మంచం దిగలేని వారిని ఎవరు బయటికి తెస్తారు? వారి పింఛను డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది? ఈ ప్రశ్నలను మనలో ఎంతమందిమి అడిగాము? అడగకపోవడానికి కారణం నిర్లక్ష్యం మాత్రమే కాదు. దేవుని పేరట నడిచే ఇంటిని ప్రశ్నించడం అవిశ్వాసమనే భావన కూడా మనలో ఉన్నది.

ఈ భావన సరియైనదా అన్నదే ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయం. వృద్ధుల గృహాలలో భద్రతకు, నాణ్యతకు ప్రమాణాలు ఎలా ఏర్పడ్డాయో చరిత్రలో వెదకి చూస్తాము. ఇందుకు ముఖ్యంగా ఇంగ్లాండు, స్కాట్లండుల అనుభవాన్ని తీసుకుంటున్నాము. అక్కడ దాదాపు రెండు వందల సంవత్సరాల చట్టాలు, విచారణ నివేదికలు, తనిఖీ పత్రాలు వరుసగా లభిస్తున్నాయి. ఆ చరిత్రలో విశ్వాసులు కూడా పాలుపంచుకున్నారు. అంతకుముందు ఆదిమ సంఘపు వారసత్వాన్ని క్లుప్తంగా చూసి, చివరకు మన దేశపు స్థితికి, మన సంఘాల బాధ్యతకు వస్తాము.

ఇక్కడ 'ప్రమాణం' అంటే మా ఉద్దేశం ఒక్కటే. ఒక గృహంలో నివసించే వ్యక్తికి కనీసం ఏమి అందాలో ముందుగా రాసిపెట్టి, అది అందిందో లేదో బయటివారు చూడడానికి వీలుగా ఉంచిన నియమమే ప్రమాణం. రాసిపెట్టడం, బయటివారు చూడడం అనే ఈ రెండింటిలో ఏది లోపించినా ప్రమాణం నిలువదని చరిత్ర చెబుతున్నది.

1. ఆదిమ సంఘపు వారసత్వం

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం పరిచారకుల నియామకాన్ని గూర్చినదని మనం బోధిస్తాము. దానిని మరొక కోణంలో కూడా చదువవచ్చు. యెరూషలేము సంఘంలో అనుదిన ఆహారపు పంపిణీ జరుగుతున్నది. పంచేవారు మంచివారే, ఆత్మ నింపుదల పొందిన సంఘమే. అయినా గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రు విడువబడ్డారు. సణుగు వినబడినప్పుడు అపొస్తలులు దానిని తిరుగుబాటుగా ఎంచలేదు. మంచి పేరు గల ఏడుగురిని ఏర్పరచి బాధ్యత అప్పగించారు. అంటే ఫిర్యాదును విన్నారు, వ్యవస్థను మార్చారు. 1 తిమోతి 5వ అధ్యాయంలో అరువది ఏండ్లకు తక్కువ కాని విధవరాండ్రను లెక్కలో చేర్చుకోమన్న నియమం ఉన్నది. సహాయానికి అర్హత, కుటుంబపు బాధ్యత, సంఘపు బాధ్యత అక్కడ వేరువేరుగా చెప్పబడ్డాయి. 2 కొరింథీ 8:20-21లో చందా సొమ్ము విషయమై దేవుని యెదుటనే గాక మనుష్యుల యెదుట కూడా యోగ్యముగా కనబడాలని పౌలు జాగ్రత్త పడుతున్నాడు.

4వ శతాబ్దంలో కప్పదొకియలోని కైసరయ బిషప్పు బసిలు పట్టణం వెలుపల బీదలకు, రోగులకు, బాటసారులకు, కుష్ఠురోగులకు ఒక పెద్ద ఆశ్రయాన్ని నెలకొల్పాడు. ఆ తరువాత తూర్పు సంఘంలో వృద్ధుల కోసమే ప్రత్యేక గృహాలు వెలిశాయి. 6వ శతాబ్దంలో జస్టినియన్ చక్రవర్తి చట్టాలలో ఈ గృహాల పేరు అనాథాశ్రమాలు, అతిథి గృహాల సరసన కనిపిస్తుంది. అంతకుముందే 451లో కల్కెదోను మహాసభ 8వ నియమంలో, బీదల గృహాలలో పనిచేసే గురువులు ఆ పట్టణ బిషప్పు అధికారానికి లోబడి ఉండాలని నిర్ణయించింది. సంఘం స్థాపించిన గృహమైనా దాని మీద ఒకరి అజమాయిషీ ఉండాలన్న సూత్రం అప్పటికే ఉన్నదని దీనివలన తెలుస్తున్నది.

పశ్చిమ సంఘంలో 6వ శతాబ్దపు బెనెడిక్టు నియమావళి 37వ అధ్యాయం వృద్ధులకు, పిల్లలకు ఆహార విషయంలో కఠిన నియమాలను సడలించి, నియమిత వేళకు ముందే తినడానికి అనుమతించింది. 1136లో కాన్‌స్టాంటినోపులులోని పంతొక్రతోరు మఠానికి చక్రవర్తి రెండవ యోహాను ఇచ్చిన నియమావళిలో 50 పడకల ఆసుపత్రితో పాటు 24 మంది వృద్ధులకు ఒక గృహం కూడా ఉన్నది. వారికి ఇవ్వవలసిన రొట్టె, ద్రాక్షారసం, పప్పుధాన్యాలు, జున్ను, నూనె, కట్టెలు, బట్టల ఖర్చు కొలతలతో సహా రాసిపెట్టారు. ప్రేమ కార్యాన్ని కొలతలతో రాసిపెట్టడం ప్రేమకు తక్కువతనమని ఆ కాలపు సంఘం అనుకోలేదు.

2. వర్క్‌హౌస్: శిక్షగా మారిన ఆశ్రయం

ఇంగ్లాండులో 1834 నాటి పేదల చట్ట సవరణ తరువాత బీదలకు సహాయం 'వర్క్‌హౌస్' అనే గృహాల ద్వారా అందింది. బయట కూలి చేసుకునే అతి బీదవాని కంటె లోపల ఉన్నవాని స్థితి మెరుగ్గా ఉండరాదన్నది దాని మూల సూత్రం. పనిచేయగల సోమరులను భయపెట్టడానికి ఈ సూత్రం ఏర్పడింది. కాని కాలక్రమంలో ఆ గృహాలలో ఎక్కువగా మిగిలినవారు పనిచేయలేని వృద్ధులు, రోగులే. ఎవరిని ఉద్దేశించి చట్టం చేశారో వారు దూరంగా పోయారు, దిక్కులేనివారు దాని కింద నలిగారు. భార్యాభర్తలను కూడా వేరు చేసేవారు. అరువది ఏండ్లు దాటిన దంపతులను విడదీయరాదన్న సడలింపు 1847లో గాని రాలేదు.

1845లో ఆండోవరు వర్క్‌హౌసు విషయం దేశమంతటా తెలిసింది. ఎరువు కోసం పశువుల ఎముకలు దంచే పనిలో పెట్టబడినవారు ఆకలి తాళలేక ఆ ఎముకలకు అంటుకున్న మాంసపు తునకల కోసం పోట్లాడుకున్నారని బయటపడింది. 1846లో పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. 1847లో అప్పటి పేదల చట్ట కమిషను రద్దయి, దాని స్థానంలో బోర్డు వచ్చింది. ఇక్కడ గమనించవలసింది ఏమంటే, ఆహారపు పట్టిక ఆ గృహంలోనూ ఉన్నది. కాగితం మీద కొలతలు ఉన్నవి. అది అమలవుతున్నదో లేదో లోపలికి వచ్చి చూసే స్వతంత్రమైన కన్ను లేదు.

ఆ కన్ను ఒక స్త్రీ రూపంలో వచ్చింది. లూయీసా ట్వైనింగ్ లండనులోని టీ వర్తకుల కుటుంబానికి చెందినది, ఆంగ్లికను సంఘ సభ్యురాలు. 1853లో తనకు పరిచయమున్న ఒక వృద్ధ దాదిని చూడడానికి స్ట్రాండు వర్క్‌హౌసుకు వెళ్ళింది. అక్కడ చూసినదానిని మరచిపోలేక, స్త్రీలు క్రమంగా వచ్చి వృద్ధులను, రోగులను పరామర్శించడానికి అనుమతి కోరింది. మొదట నిరాకరణే ఎదురైంది. బయటివారు వస్తే లోపలి క్రమశిక్షణ చెడుతుందని అధికారుల భయం. ఆమె పట్టు విడువక 1858లో వర్క్‌హౌస్ సందర్శకుల సంఘాన్ని స్థాపించింది. ఆ సందర్శకులు పువ్వులు, పుస్తకాలు, ప్రార్థనలతో వెళ్ళారు. తాము చూసినవాటిని రాశారు కూడా. రోగులకు సేవ చేస్తున్నది అదే వర్క్‌హౌసులోని తర్ఫీదు లేని బీద స్త్రీలని, వారిలో కొందరు తామే వయసు మళ్ళినవారని లోకానికి తెలిసింది.

1864, 1865 సంవత్సరాలలో లండను వర్క్‌హౌసులలో తిమోతి డేలీ, రిచర్డ్ గిబ్సన్ అనే ఇద్దరు రోగులు సరైన సేవ లేక మరణించారు. 'లాన్సెట్' వైద్య పత్రిక 1865లో వైద్యులను పంపి గృహాలను స్వయంగా పరిశీలింపజేసింది. 1867లో లండనుకు ప్రత్యేక చట్టం వచ్చింది, రోగులకు విడిగా ఆసుపత్రులు ఏర్పడసాగాయి. లివర్‌పూలులో 1865 నుండి ఆగ్నెస్ జోన్స్ అనే విశ్వాసురాలు శిక్షణ పొందిన నర్సులతో వర్క్‌హౌసు ఆసుపత్రి సేవను మార్చి చూపించింది. 1868లో ఆమె టైఫస్ జ్వరంతో మరణించింది. ఆ పని ఆమెతో ఆగిపోలేదు. శిక్షణ పొందిన సేవకులు ఉండాలన్నది క్రమేణా నియమమైంది.

3. 1948 వాగ్దానం, 'చివరి ఆశ్రయం'

1908లో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చింది. 1909 జనవరి నుండి 70 ఏండ్లు దాటిన బీదలకు వారానికి 5 షిల్లింగుల వరకు అందడంతో చాలామంది వర్క్‌హౌసు వైపు చూడకుండా తమ ఇండ్లలోనే బ్రతుకగలిగారు. 1927 చట్టం నర్సింగు హోములు నమోదు కావాలని, స్థానిక అధికారులు వాటిని తనిఖీ చేయవచ్చునని నిర్దేశించింది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత 1948లో జాతీయ సహాయ చట్టం వర్క్‌హౌసు యుగానికి తెర దించింది. వయసు వలన, బలహీనత వలన సంరక్షణ అవసరమైనవారికి నివాసం కల్పించడం స్థానిక ప్రభుత్వాల బాధ్యత అయింది. ఈ బిల్లును ప్రవేశపెట్టిన మంత్రి అనూరిన్ బెవన్ ఒక గొప్ప చిత్రాన్ని చూపించాడు. యజమాని, భిక్షకుడు అనే సంబంధం పోయి, హోటలు నిర్వాహకుడు, అతిథి అనే సంబంధం రావాలన్నాడు. గృహంలో 25 నుండి 30 మందికి మించరాదన్నాడు. వారానికి 26 షిల్లింగుల పింఛనులో 21 షిల్లింగులు గృహానికి చెల్లించి, 5 షిల్లింగులు వృద్ధులు తమ చేతి ఖర్చుకు ఉంచుకుంటారు. ఆ 5 షిల్లింగులలో ఎంతో అర్థమున్నది. డబ్బు చెల్లించేవాడు దయ కోసం చేయి చాచడు, తనకు రావలసినది అడుగుతాడు. స్వచ్ఛంద సంస్థల గృహాలు, ప్రైవేటు గృహాలు కూడా నమోదు కావాలని ఈ చట్టం నియమించింది.

ఆ వాగ్దానం నెరవేరిందా? పది సంవత్సరాల తరువాత పీటర్ టౌన్‌సెండ్ అనే సామాజిక పరిశోధకుడు 1958, 1959లలో ఇంగ్లాండు, వేల్సులలోని 173 గృహాలను సందర్శించి, 1962లో 'చివరి ఆశ్రయం' అనే అర్థం వచ్చే పేరుతో గ్రంథాన్ని ప్రచురించాడు. మత సంస్థలవి సహా స్వచ్ఛంద గృహాలను కూడా ఆయన విడిచిపెట్టలేదు. పాత వర్క్‌హౌసుల భవనాలు పేరు మార్చుకొని ఇంకా వేలాది వృద్ధులకు నివాసంగా ఉన్నాయి. వరుస మంచాలు, సొంత వస్తువు పెట్టుకోను చోటు లేకపోవడం, స్నానానికి మరుగు లేకపోవడం, చేయను పని లేక గోడల వెంబడి కుర్చీలలో కూర్చుండిపోవడం ఆయనకు కనిపించాయి. భౌతిక వసతులు, సిబ్బంది, సేవలు, దైనందిన స్వేచ్ఛ మొదలైన అంశాలుగా విభజించి గృహాల నాణ్యతను కొలిచే ఒక పద్ధతిని ఆయన తయారు చేశాడు. ఈ కొలతలో మంచి భవనం ఒక భాగం మాత్రమే. ఇష్టమైన వేళకు నిద్ర లేవగలరా, గదికి తాళం వేసుకోగలరా, స్నేహితుని పిలుచుకోగలరా అన్నవి కూడా నాణ్యతలో భాగమయ్యాయి.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. ఆ గృహాలలో పనిచేసినవారందరూ క్రూరులని టౌన్‌సెండ్ చెప్పలేదు. చాలామంది కష్టపడి సేవ చేసేవారే. అందరినీ ఒకే వేళకు లేపి, ఒకే వేళకు తినిపించి, ఒకే వేళకు పడుకోబెట్టే అలవాటు వారిని కూడా బంధించింది. మంచి మనసు ఒక్కటే ఈ అలవాటును గెలువలేదు.

4. నిప్పు నేర్పిన పాఠాలు

నాణ్యత గూర్చి వాదించుకోవడానికి వ్యవధి ఉంటుంది. భద్రతకు అట్టి వ్యవధి ఉండదు. 1974 డిసెంబరు 15 తెల్లవారుజామున నాటింగ్‌హాంషైరులోని ఎడ్వాల్టన్ అనే ఊరిలో ఫెయిర్‌ఫీల్డ్ గృహంలో అగ్ని ప్రమాదం జరిగి 18 మంది వృద్ధులు మరణించారు. అది పాడుబడిన వర్క్‌హౌసు కాదు, స్థానిక ప్రభుత్వం ఆధునిక పద్ధతిలో కట్టించిన గృహం. గదుల పైకప్పు కింది ఖాళీ స్థలం గుండా మంట, పొగ ఒక చోటినుండి మరొక చోటికి వ్యాపించాయి. కొత్త భవనం గనుక భద్రమైనదన్న నమ్మకం ఆ రాత్రితో పోయింది.

ముప్పది ఏండ్ల తరువాత, 2004 జనవరి 31న స్కాట్లండులోని ఉడింగ్‌స్టన్‌లో రోజ్‌పార్క్ అనే గృహంలో 14 మంది మరణించారు. విద్యుత్ పంపిణీ పెట్టె ఉన్న ఒక అలమరలో నిప్పు పుట్టింది. తెల్లవారుజామున 4:28కి అలారం మోగింది. అగ్నిమాపక దళానికి 4:37కి గాని ఫోను వెళ్ళలేదు. నిప్పు ఎక్కడ పుట్టిందో అలారం పెట్టెను చూసి సిబ్బంది సరిగా గ్రహించలేకపోయారు. పడక గదుల తలుపులు తెరిచి ఉండటం వలన పొగ లోపలికి చేరింది. 2011లో వెలువడిన న్యాయ విచారణ నిర్ణయం ప్రకారం, ముందుగా తగిన అగ్నిభద్రతా ప్రణాళిక ఉండి ఉంటే ఈ మరణాలలో కొన్నైనా, లేదా అన్నీ తప్పి ఉండేవి.

అలారం ఉన్నది, తలుపులున్నవి, మనుష్యులున్నారు. లోపించినది అభ్యాసం. ఆ తొమ్మిది నిమిషాలను గూర్చి మన ఆశ్రమ కమిటీలు ధ్యానించాలి. మంచం మీద ఉన్నవాని ప్రాణం రాత్రి డ్యూటీలో ఉన్న సహాయకురాలికి ఎప్పుడో నేర్పిన, లేదా ఎన్నడూ నేర్పని, ఒక పాఠం మీద ఆధారపడి ఉన్నది.

5. ప్రమాణాలు గ్రంథస్థమైన కాలం

1980 తరువాత ప్రభుత్వ భత్యాల నిబంధనలు మారడంతో బ్రిటనులో ప్రైవేటు గృహాలు త్వరితగతిన పెరిగాయి. 1984లో నమోదిత గృహాల చట్టం, దానికి తోడుగా 'గృహ జీవితం' అనే అర్థం గల ఆచరణ నియమావళి వచ్చాయి. గౌరవం, స్వతంత్రత, వ్యక్తిత్వం, భావోద్వేగ అవసరాలతో పాటు, కొంత ప్రమాదాన్ని ఎదుర్కొనే హక్కు కూడా వృద్ధునికి ఉన్నదని ఆ నియమావళి గుర్తించింది. ఇది ముఖ్యమైన మాట. పడిపోతాడేమోనని మనిషిని కుర్చీకే కట్టిపడేస్తే అది భద్రత కాదు, చెర. భద్రతకు, స్వేచ్ఛకు మధ్య తూకం వేయడమే సంరక్షణలో కష్టమైన పని.

2000లో సంరక్షణ ప్రమాణాల చట్టం, 2002 ఏప్రిలులో జాతీయ కమిషను వచ్చాయి. ఇంగ్లాండులో వృద్ధుల గృహాలకు 38 కనీస ప్రమాణాలు ఏడు భాగాలుగా వెలువడ్డాయి: గృహాన్ని ఎంచుకోవడం, ఆరోగ్యం, దైనందిన జీవితం, ఫిర్యాదులు, పరిసరాలు, సిబ్బంది, నిర్వహణ. వాటిలో కొన్ని వివరాలు చూద్దాం. రోజుకు మూడు పూర్తి భోజనాలు, వాటి మధ్య ఐదు గంటలకు మించని వ్యవధి. సాయంత్రపు ఫలహారానికి, మరునాటి ఉదయపు ఆహారానికి మధ్య 12 గంటలకు మించరాదు. చర్మం కాలకుండా కుళాయి వేడినీరు సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. కొత్త గృహాలలో ఒక్కరి గది కనీసం 12 చదరపు మీటర్లు. సంరక్షక సిబ్బందిలో సగం మందికి 2005 నాటికి వృత్తి అర్హత ఉండాలి. బెనెడిక్టు వృద్ధుల కోసం భోజన వేళను సడలించిన దయ ఇక్కడ గంటలలో, నిమిషాలలో లెక్కించబడింది.

6. ప్రమాణాలు చేయలేనిది

అయితే ప్రమాణాలు రాసినంత మాత్రాన కథ ముగియలేదు. ఖర్చు భరించలేక గృహాలు మూతపడతాయన్న ఆందోళనతో, అప్పటికే నడుస్తున్న గృహాలకు గదుల పరిమాణం వంటి నియమాలను 2003లో సడలించారు. ఖరీదైన ప్రమాణం ఉన్న గృహాన్ని మూయిస్తే అందులోని వృద్ధుడు ఎక్కడికి వెళ్ళాలి? ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయలేము. మన గ్రామాలలో చిన్న ఆశ్రమాలు నడిపేవారు అడిగేది కూడా ఇదే.

పశ్చిమ సస్సెక్సులోని ఆర్కిడ్ వ్యూ అనే గృహానికి 2010లో తనిఖీ సంస్థ 'మంచిది' అని గుర్తింపు ఇచ్చింది. అక్కడి 19 మంది మరణాలపై జరిగిన విచారణలో, వారందరికీ అందిన సంరక్షణ లోపభూయిష్టమైనదని, ఐదుగురి మరణానికి నిర్లక్ష్యం కూడా తోడ్పడిందని 2013లో కరోనరు తేల్చారు. ఆ లోపాలను ముందుగా బయటపెట్టినవారిలో అక్కడి ఉద్యోగులు ఉన్నారు. తనిఖీ అధికారికి ఒకటి రెండు రోజులలో కనబడనిది, రోజూ పనిచేసే ఆయాకు కనబడుతుంది. ఆమె నిర్భయంగా మాట్లాడగలదా అన్నదే అసలు పరీక్ష.

2020 వసంతంలో కోవిడ్ వచ్చినప్పుడు ఇంగ్లాండులో మార్చి 17కు, ఏప్రిలు 15కు మధ్య సుమారు 25,000 మందిని ఆసుపత్రుల నుండి సంరక్షణ గృహాలకు పంపించారు. అందరికీ పరీక్షలు జరుగలేదు. లక్షణాలు లేనివారి వలన వ్యాధి సోకే ప్రమాదాన్ని ఆ విధానం పరిగణించలేదు గనుక అది చట్టవిరుద్ధమని 2022 ఏప్రిలులో హైకోర్టు తీర్పు ఇచ్చింది. మరొక వైపు, నెలల తరబడి కుటుంబాలను లోపలికి రానివ్వలేదు. కిటికీ అద్దానికి చేయి ఆనించి తల్లిని చూసిన పిల్లలు ఎందరో. ఆ బాధ నుండి 2024 ఏప్రిలులో ఒక కొత్త నిబంధన పుట్టింది. అసాధారణ పరిస్థితి ఉంటే తప్ప, నివాసులను చూడడానికి వచ్చేవారికి గృహం వీలు కల్పించాలి. 1853లో లూయీసా ట్వైనింగ్ తలుపు దగ్గర నిలిచి అడిగినది 171 సంవత్సరాలకు నిబంధనగా నిలిచింది. అదే 2024లో, తనిఖీ సంస్థ పనిలోనే గణనీయమైన వైఫల్యాలు ఉన్నాయని ప్రభుత్వం నియమించిన సమీక్ష తెలిపింది. చూసేవారిని కూడా చూసేవారు ఉండవలసి వచ్చింది.

7. మన దేశపు స్థితి

మన దేశంలో వృద్ధుల సంరక్షణ కుటుంబపు పని అని తరతరాలుగా ఎంచాము. కుటుంబం లేనివారికి ఆశ్రయమిచ్చిన మొదటి సంస్థలలో క్రైస్తవ సంస్థలు ఉన్నాయి. 1839లో ఫ్రాన్సులో జాన్ జుగాన్ ఒక గుడ్డి వృద్ధురాలిని తన మంచం మీదికి తెచ్చుకోవడంతో మొదలైన 'బీదల చిన్న సహోదరీల' సభ 1882లో కలకత్తాకు వచ్చింది. ఆ తరువాత సికింద్రాబాదులో కూడా వారి గృహం వెలసింది. నేడు వలసల వలన, పిల్లలు పట్టణాలకు, విదేశాలకు వెళ్ళడం వలన తెలుగు ప్రాంతాలలో వృద్ధాశ్రమాల అవసరం పెరిగింది. అమెరికాలో ఉన్న కుమారుడు పంపే డబ్బుతో ఇక్కడ ఆశ్రమంలో గడిపే తల్లిదండ్రులు మన సంఘాలలో కూడా ఉన్నారు.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షను ప్రకారం రాష్ట్ర ప్రభుత్వాలు జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడేలా ఏర్పాటు చేయవచ్చు. వాటి నిర్వహణకు, సేవల ప్రమాణాలకు పథకాన్ని నిర్దేశించవచ్చు. 'చేయాలి' అనక 'చేయవచ్చు' అన్న ఆ ఒక్క మాటలో ఎంతో తేడా ఉన్నది. స్వచ్ఛంద, ప్రైవేటు గృహాలన్నిటికీ తప్పనిసరి నమోదును ఆ కేంద్ర చట్టం విధించలేదు. 2018 డిసెంబరులో సుప్రీం కోర్టు ఒక తీర్పులో జిల్లాల వారీగా వృద్ధాశ్రమాల వివరాలు సేకరించమని కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. లెక్క తెలియనిదే ప్రమాణం పెట్టలేము గదా. 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు గృహాల నమోదును, కనీస ప్రమాణాలను ప్రతిపాదించింది గాని, 2024లో ఆ లోక్‌సభ రద్దుతో బిల్లు కూడా ముగిసిపోయింది.

నిప్పు పాఠం మన దేశానికి కూడా క్రొత్తది కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగుల ఆశ్రయం ఒకటి కాలిపోయి 28 మంది మరణించారు. గొలుసులతో కట్టబడి ఉండటం వలన వారు తప్పించుకోలేకపోయారు. అది వృద్ధుల గృహం కాకపోయినా, విశ్వాసంతో ముడిపడిన ఆశ్రయం, నమ్మకంతో అప్పగించిన కుటుంబాలు, బయటి కన్ను లేకపోవడం అన్నవి మనలను హెచ్చరించేవే. భారత జాతీయ భవన నియమావళి వృద్ధుల గృహాలను సాధారణ నివాసాలుగా లెక్కించదు, సంస్థాగత భవనాల వర్గంలో చేర్చుతుంది. అద్దె ఇంటికి బోర్డు తగిలించి ఆశ్రమం ప్రారంభించేవారు ఈ సంగతిని గమనించాలి.

8. సంఘాలకు కొన్ని సూచనలు

ఈ చరిత్ర నుండి, చట్టం వచ్చే వరకు ఆగకుండా, మన సంఘాలు వెంటనే చేయగలిగినవాటిని కొన్ని ప్రస్తావిస్తున్నాము.

మొదటిది, రాత్రిని గూర్చి అడగడం. ఫెయిర్‌ఫీల్డ్, రోజ్‌పార్క్ రెండు చోట్లా మరణం పగటి వేళ రాలేదు. కమిటీ సభ్యులు ఆరు నెలలకు ఒకసారైనా రాత్రి వేళ వెళ్ళి, సిబ్బంది ఎంతమంది ఉన్నారో, గేటు తాళం ఎవరి దగ్గర ఉన్నదో, నడవలేనివారిని ఎలా దింపుతారో అభ్యాసం చేయించి చూడాలి.

రెండవది, భోజనపు గంటలు లెక్కపెట్టడం. సాయంత్రం ఆరింటికి రాత్రి భోజనం ముగించి, ఉదయం ఎనిమిదింటికి ఇడ్లీ పెట్టే ఆశ్రమంలో వృద్ధులు పద్నాలుగు గంటలు ఖాళీ కడుపుతో ఉంటారు. మధుమేహం ఉన్నవారికి ఇది అపాయం. ఒక గ్లాసు పాలు, రెండు బిస్కెట్లతో ఈ లోపాన్ని సరిచేయవచ్చు. డబ్బు కంటె ముందు గమనించే మనసు కావాలి.

మూడవది, వృద్ధుల డబ్బు. సామాజిక పింఛను తీసుకునే ప్రతి నివాసి పేరట విడిగా లెక్క ఉండాలి. పాసుపుస్తకం వార్డెను బీరువాలో ఉన్నా, దానిని చూపమని అడిగే హక్కు యజమానిది. 1948లో వృద్ధుని చేతిలో మిగిల్చిన 5 షిల్లింగులను జ్ఞాపకం చేసుకుందాం.

నాల్గవది, నమోదు పుస్తకం. ఎవరు పడిపోయారు, ఎవరికి పడక పుండ్లు పడ్డాయి, ఎవరు ఏ కారణాన మరణించారు అన్నవి తేదీలతో రాయాలి. దాతలకు పంపే ఫోటోలలో ఇవి కనిపించవు. దాతకు లెక్క చెప్పడం మనకు అలవాటైంది. నివాసికి లెక్క చెప్పడం ఇంకా అలవాటు కాలేదు.

ఐదవది, తెరిచిన తలుపు. ఆశ్రమాన్ని నడిపే సంఘానికి సంబంధం లేని ఇద్దరు ముగ్గురిని, అందులో ఒక స్త్రీని, వీలైతే ఒక నర్సును, సందర్శకులుగా నియమించి, ముందుగా చెప్పకుండా వచ్చే అధికారం ఇవ్వాలి. వారు నివాసులతో విడిగా మాట్లాడాలి. సంఘ ఆరాధనకు రావడం ఇష్టం లేని నివాసి, అన్య మతస్థుడైన నివాసి కూడా అదే అన్నం, అదే దుప్పటి పొందుతున్నాడో లేదో వారు తెలుసుకోవాలి. గ్రీకు విధవరాండ్రు విడువబడిన విధంగా ఎవరూ విడువబడకూడదు.

ముగింపు

యెరూషలేములో వినబడిన సణుగు నుండి 2024 నాటి నిబంధన వరకు ఈ చరిత్రను చూసినప్పుడు ఒక్క సంగతి పదే పదే కనబడుతున్నది. వృద్ధుల స్థితి మెరుగుపడిన ప్రతిసారీ బయటివారెవరో లోపలికి వచ్చి చూశారు, లేదా లోపలివారెవరో నోరు తెరిచారు. తలుపు మూసిన చోట మంచివారి గృహం కూడా చెడిపోయింది. ప్రమాణాలు ప్రేమకు బదులు కావు. ప్రమాణం నీటి వేడిని కొలువగలదు గాని, స్నానం చేయించే చేతి మృదుత్వాన్ని కొలువలేదు. అయినప్పటికీ ఆ చేయి అలసిన రోజున, విసిగిన రోజున, లేని రోజున వృద్ధుని కాపాడేది ప్రమాణమే.

కాబట్టి మా మనవి ఇది. తరువాతి ప్రారంభోత్సవపు ఆహ్వానం అందినప్పుడు సంతోషంగా వెళ్దాం, ప్రార్థన చేద్దాం. కాని కమిటీలో పేరు ఇవ్వకముందు, రాత్రి డ్యూటీ పట్టికను, నమోదు పుస్తకాన్ని చూపమని అడుగుదాం. అడిగినందుకు ఆ ఇంటివారు నొచ్చుకుంటే, యెరూషలేములో అపొస్తలులు సణుగును ఎలా విన్నారో వారికి ప్రేమతో జ్ఞాపకం చేద్దాం. మనం కూడా ఒకనాడు వృద్ధులమై, ఎవరో తెరిచే తలుపు కోసం ఎదురుచూసేవారమే గదా.